చెక్ ఇంజిన్ లైటును ఆర్పే ముందు చదవాలి

మిర్యాలగూడలో కానీ సూర్యాపేటలో కానీ లారీ షెడ్డుకు వెళ్లి ఇంజిన్ లైటు వెలుగుతోందని చెబితే, మెకానిక్ స్కానర్ తగిలించి, ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసిన లోపం కోడ్ తుడిచేసి, లైటు పోయిందని చూపించి డబ్బు తీసుకుంటాడు. మన ప్రాంతంలో ఇది ఒక పనిగా స్థిరపడిపోయింది. మిల్లు దగ్గర లోడు సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఓనరుకు కావలసిందీ అదే. దారిలో ఎవరూ తనను తప్పు పట్టకుండా ఉండాలి కాబట్టి డ్రైవరుకు కావలసిందీ అదే. లారీ వాడపల్లి దగ్గర కృష్ణ దాటి పిడుగురాళ్ల చేరేలోపే ఆ లైటు మళ్లీ వెలుగుతుంది, మరో ఊళ్లో మరో షెడ్డులో మళ్లీ ఆరిపోతుంది. మా ఇంట్లో లారీల మీద బతుకు సాగుతోంది, అందులో ఒకటి పాతది. దానితో గడిపిన అనుభవంతో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. తిరిగి తిరిగి వెలిగే లైటు పాత లారీ ఓనరుకు దొరికే సమాచారాలన్నింటిలో విలువైనది. దాన్ని చదవకుండా తుడిచేయడానికి డబ్బు చెల్లించడం మన చేతులతో మన నష్టాన్ని పెంచుకోవడమే అవుతుంది.

ఈ మాట ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వాహనాల పొగకు హద్దులు పెట్టే బీఎస్-4 ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. ఆ మూడేళ్లలో రోడ్డెక్కిన లారీలకు ఒకటొకటిగా ఎనిమిదేళ్లు నిండుతున్నాయి. అప్పటిదాకా రెండేళ్లకోసారి చేయించుకునే ఫిట్‌నెస్ అక్కడి నుంచి ఏటేటా చేయించుకోవలసిందే. పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీలు వాటిని అమ్మేస్తుంటే, ఫైనాన్సు తీసుకుని ఒకే లారీతో బతికే మనలాంటివాళ్లు కొంటున్నారు. ఇంజిన్‌ను కంప్యూటర్ నడిపించే లారీలు ఇలా వైర్లు గట్టిపడి, వాటిని కలిపే కప్లర్లు వదులై, రబ్బరు పైపులు పగుళ్లు పట్టిన వయసులో, నెల కిస్తీకి వెతుక్కునే ఓనర్ల చేతికి వచ్చాయి. కంపెనీ వర్క్‌షాపుకు వెళ్లే స్తోమత అందరికీ ఉండదు, బయటి షెడ్లలో అందరికీ ఈ చదువు లేదు. లైటు తుడిచే వ్యాపారం ఈ రెంటి మధ్య ఖాళీలోనే పెరిగింది.

కోడ్ అంటే ఏమిటో ముందు సరిగ్గా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే మన నష్టాలలో ఎక్కువ భాగం ఇక్కడి అపార్థం నుంచే వస్తోంది. కారుకైతే పి అక్షరంతో మొదలయ్యే కోడ్ వస్తుంది, భారీ వాహనాలలో ఎక్కువగా జె1939 అనే పద్ధతిలో రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఎస్‌పీఎన్, అది ఏ కొలత గురించో చెబుతుంది. 102 అయితే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి, 157 అయితే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టం, అంటే కామన్ రైల్‌లోని ఒత్తిడి, 97 అయితే డీజిల్‌లో నీరు. రెండోది ఎఫ్‌ఎంఐ, ఆ కొలతలో తేడా ఏ రకమైనదో చెప్పేది అదే. మన షెడ్లలో మొదటి అంకెను చదివి రెండోదాన్ని వదిలేస్తున్నారు. గాలి ఒత్తిడి అంకె కనిపించగానే సెన్సర్ పోయిందనో ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో పోయిందనో తేల్చేస్తున్నారు. నిజానికి తీర్పు రెండో అంకెలో ఉంటుంది. అక్కడ 3 ఉంటే వోల్టేజీ ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉందని, 4 ఉంటే తక్కువగా ఉందని, 5 ఉంటే కరెంటు సరిగా పారడం లేదని లేదా వైరు తెగిందని అర్థం. ఈ మూడూ ముందుగా వైరింగ్ వైపు, కప్లర్ వైపు చూడమని చెప్పే అంకెలు. అదే 18 ఉంటే సెన్సర్ సక్రమంగానే కొలుస్తోందని, కొలిచిన విలువే ఉండవలసినంత లేదని అర్థం. అంటే గాలో డీజిలో నిజంగానే తక్కువగా ఉంది. అప్పుడు సెన్సర్ మార్చడం జ్వరం చూపించిన థర్మామీటర్‌ను మార్చడంతో సమానం.

గత ఎండాకాలంలో మా పాత లారీకి జరిగింది సరిగ్గా ఇదే. బియ్యం లోడుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు పికప్ తగ్గి లైటు వెలిగేది. ఒక షెడ్డులో చూసి, కోడ్‌లో 102 ఉంది కాబట్టి టర్బో మార్చాలన్నారు, దానికో అంచనా కూడా రాసిచ్చారు. మా లారీ నడిపే పెద్దాయనను నేను కాక అని పిలుస్తాను. మెకానికల్ పంపుల కాలం నుంచి స్టీరింగ్ పట్టిన మనిషి. ఆయన స్కానర్ వైపు చూడనైనా చూడకుండా, "బిడ్డా, ఖాళీగ వస్తే లైటు రాదు. లోడు మీద ఎత్తెక్కినప్పుడే వస్తది. ముందుగాల పైపులు చూడుమను" అన్నాడు. రెండో అంకె 18 అని నేను అప్పటికే రాసుకుని ఉన్నాను. ఇద్దరి మాటా ఒకే చోటికి వచ్చింది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు పైపు అడుగున, క్లిప్పు పక్కన, నూనె తడికి ఊక దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుంది. తుడిచి చూస్తే పగులు. ఖాళీ బండికి టర్బో ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ పగులు మూసుకునే ఉంటుంది, లోడు మీద ఒత్తిడి పెరగగానే తెరుచుకుని గాలి బయటికి పోతుంది. పైపు మార్చాక ఆ కోడ్ తిరిగి రాలేదు, ఆ టర్బో ఇప్పటికీ అదే లారీలో తిరుగుతోంది. నా దృష్టిలో ఇది అదృష్టం కాదు. లైటు ఎప్పుడు వెలుగుతోందో డ్రైవరు గమనించాడు, ఏమని చెబుతోందో కోడ్‌లో ఉంది, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటమే అక్కడ జరిగింది.

సెన్సర్‌నే అనుమానించవలసి వచ్చినా కొనే ముందు చేయగల పరీక్షలు ఉన్నాయి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి స్కానర్‌లో గాలి ఒత్తిడి చూస్తే, అది బయటి గాలి ఒత్తిడికి, అంటే దాదాపు ఒక బార్‌కు దగ్గరగా ఉండాలి. అలా ఉంటే ఆ సెన్సర్‌ను తీసిపారేయడానికి తొందరపడనక్కర్లేదు. ఇంజిన్ మీది సెన్సర్లలో చాలావాటికి కంప్యూటర్ 5 వోల్టుల కరెంటు పంపుతుంది, ఒకే లైను మీద కొన్ని సెన్సర్లు కలిసి ఉంటాయి. వాటిలో ఒకదాని వైరు ఎక్కడో ఛాసిస్‌కు రాసుకుని షార్ట్ అయితే లైను మొత్తం పడిపోయి, ఒకేసారి మూడు నాలుగు సెన్సర్ల కోడ్‌లు వస్తాయి. అప్పుడు అన్నింటినీ మార్చమనేవారు దొరుకుతారు. ఒకే రోజున అన్ని సెన్సర్లు చెడిపోవడం దాదాపు జరగని పని, అందువల్ల వెతకవలసింది అవన్నీ పంచుకునే వైరు, అవన్నీ పంచుకునే ఎర్త్. బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య మల్టీమీటర్ పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ పట్టీని విప్పి, తుప్పు గీకి, బిగించాలి. ఈ పనికి కావలసింది మల్టీమీటరూ స్పానరూ మాత్రమే, అయినా చాలాచోట్ల ఇది అందరికంటే చివర గుర్తుకొస్తోంది.

వైరింగ్ విషయంలో మన అలవాట్లనూ చెప్పుకోవాలి. లారీ కొనగానే ముందూ వెనుకా అదనపు లైట్లు, హారన్లు, పాటల సెట్టు పెట్టించుకుంటాం. నాకు ఆ అలంకారం మీద ఫిర్యాదు లేదు, రాత్రంతా రోడ్డు మీద ఉండే మనిషికి పాట తోడు కావాలి. వాటికి కరెంటు ఎక్కడి నుంచి తీస్తున్నారన్నదే నా అభ్యంతరం. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 24 వోల్టులు ఇస్తాయి. పాటల సెట్టు కోసం అందులో ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగితే ఒకటి ఎప్పుడూ తక్కువ చార్జితోనూ రెండోది ఎక్కువ చార్జితోనూ ఉండిపోతాయి. కొన్నాళ్లకు సెల్ఫ్ కొట్టే క్షణంలో వోల్టేజీ బాగా పడిపోయి, కంప్యూటర్ అర్థంలేని కోడ్‌లు నమోదు చేస్తుంది. విడిగా 24 నుంచి 12కు మార్చే కన్వర్టర్ పెట్టించుకుంటే ఆ సమస్యే రాదు. అలాగే డాలా తలుపు విరిగిందనో ఛాసిస్ మీద బ్రాకెట్ వదులైందనో వెల్డింగ్‌కు తీసుకెళ్లినప్పుడు బ్యాటరీ కేబుళ్లు విప్పాలి, ఇంజిన్ కంప్యూటర్ కప్లర్లు తీయాలి, వెల్డింగ్ ఎర్త్‌ను పని జరిగే చోటికి దగ్గరగానే తగిలించాలి. ఈ జాగ్రత్త లేకుండా వెల్డింగ్ చేస్తే ఆ కరెంటు కంప్యూటర్ గుండా పోయి దాన్నే కాల్చేయగలదు. వెల్డింగ్ అయిన మరునాడు మొదలైన లైటుకు ఇంజెక్టర్లను తిట్టుకుంటే లాభం లేదు.

ఇక యూరియా సంగతి. దీని గురించి నేను ఎక్కువ చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ఇది మన జిల్లా నేలతో, మన నీళ్లతో, మన ఎండతో నేరుగా ముడిపడిన విషయం. బీఎస్-4 లారీలలో కొన్ని కంపెనీలు పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ పద్ధతిని ఎంచుకున్నాయి, కొన్ని సైలెన్సర్‌లో యూరియా ద్రావణం చల్లే ఎస్‌సీఆర్ పద్ధతిని ఎంచుకున్నాయి. డ్రైవర్లు యూరియా అని, యాడ్‌బ్లూ అని పిలిచే డీఈఎఫ్‌లో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగిలినది ఖనిజాలు తీసేసిన నీరు. ఆ శాతానికి ఎంత ప్రాముఖ్యం ఉందో ఆ నీటి శుద్ధికీ అంతే ఉంది. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని దేశమంతటికీ తెలుసు, తరాల తరబడి మన మనుషుల ఎముకలు ఆ నీళ్లకు మూల్యం చెల్లించాయి. ఆ నీళ్లలో సున్నపు లవణాలు కూడా ఎక్కువే. డీఈఎఫ్ తక్కువైందని ట్యాంకులో బోరు నీళ్లు కలిపితే ఆ లవణాలు సన్నటి నాజిల్‌లోనూ, పొగను శుద్ధి చేసే క్యాటలిస్ట్ మీదా తెల్లగా పేరుకుంటాయి. మన వంటిళ్లలో కాచిన గిన్నె అడుగున ఏం మిగులుతుందో చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

అంతకంటే ప్రమాదమైనది, చౌకగా దొరుకుతోందని పొలానికి వేసే యూరియాను నీళ్లలో కరిగించి పోయడం. 2015 నుంచి దేశంలో పొలాలకు అమ్మే యూరియా మొత్తానికి వేపనూనె పూత తప్పనిసరి చేశారు. నేలలో నత్రజని నెమ్మదిగా విడుదల కావడానికీ, సబ్సిడీ యూరియా పరిశ్రమలకు తరలిపోకుండా ఉండటానికీ పెట్టిన పూత అది. రైతుకు మేలు చేసే ఆ నూనె లారీలో ఫిల్టర్‌నూ పంపునూ నాశనం చేస్తుంది. సాగర్ ఎడమ కాలువ కింద నాట్ల సమయంలో రైతులు యూరియా బస్తా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడుతుంటే, అదే బస్తా దారి మళ్లి కల్తీ డీఈఎఫ్ డబ్బాగా మారి మన లారీని చెడగొట్టడం రెండు వైపులా అన్యాయం. కొనేవారు డబ్బా మీద ఐఎస్ఓ 22241 అనే గుర్తునూ తయారైన తేదీనీ చూసి, బిల్లుతో కొనాలి. ఆ ద్రావణాన్ని 25 డిగ్రీల లోపు నిల్వ ఉంచితే ఏడాదిన్నర, 35 డిగ్రీల దగ్గర ఆరు నెలలే నాణ్యత నిలుస్తుందని ఆ ప్రమాణమే చెబుతుంది. వేసవిలో 45 డిగ్రీలు తాకే ఊళ్లో, రేకుల షెడ్డు కింద నిరుడు మిగిలిన డబ్బా మీద ఏ నమ్మకం పెట్టగలం?

ఇలా పాడైన డీఈఎఫ్ పోసిన లారీలో సైలెన్సర్ చివర నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్ అక్కడ ఆ వాయువులు ఎక్కువగా ఉన్నాయని చెబుతుంది, లైటు వెలుగుతుంది, కొన్ని లారీలలో ఇంజిన్ బలం కూడా తగ్గుతుంది. మన షెడ్డు ఆ సెన్సర్‌ను మార్చమంటుంది. అది ఖరీదైన సెన్సర్. కొత్త సెన్సర్ కూడా అదే నిజాన్ని మళ్లీ చెబుతుంది, ఎందుకంటే తప్పు ట్యాంకులో ఉంది. రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం మీద ఒక చుక్క వేస్తే ద్రావణంలో యూరియా శాతం నిమిషంలో తెలిసిపోతుంది. అయితే శాతం సరిపోయినంత మాత్రాన శుద్ధి సరిపోయినట్లు కాదు కాబట్టి, అనుమానం ఉంటే ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, మంచి ద్రావణం పోసి చూడటమే ఉత్తమం.

ఇప్పుడు కోడ్ తుడిచేయడం గురించి. లైటు వెలిగిన క్షణంలో ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, లోడు ఎంత, నీళ్ల వేడి ఎంత, వేగం ఎంత అన్న వివరాలను కంప్యూటర్ ఆ కోడ్‌తో పాటు దాచిపెడుతుంది. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ తుడిస్తే ఈ వివరాలూ పోతాయి. మంచి మెకానిక్‌కు గంట పనిని పది నిమిషాల పనిగా మార్చే ఆధారాన్ని మనమే డబ్బిచ్చి చెరిపించుకుంటున్నాం. పైగా లైటు వెలిగించాలంటే చాలా రకాల లోపాలకు కంప్యూటర్ రెండు ప్రయాణాలలో వరుసగా అదే తప్పు చూడాలి. తుడిచిన వెంటనే లైటు రాకపోవడం రిపేరు జరిగిందనడానికి రుజువు కాదు, లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలైందని మాత్రమే అర్థం. నిజంగా లోపం పోతే, కొన్ని ప్రయాణాలు శుభ్రంగా సాగాక లైటు తనంతట తానే ఆరిపోతుంది. నేను ఆ ఆరిపోవడాన్నే నమ్ముతాను.

అందుకే మా లారీలో ఒక నోటుబుక్కు ఉంచాం. లైటు వెలిగిన చోటు, బండి ఖాళీనా లోడా, ఎత్తా పల్లమా, పొద్దునా మధ్యాహ్నమా, అంతకుముందు డీజిల్ ఎక్కడ కొట్టించారు, వాన పడిందా అన్నవి డ్రైవరు రాస్తాడు. రాయడం ఇష్టం లేకపోతే ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపినా చాలు. వాన తరువాతే వెలిగితే కప్లర్‌లో తడి, ఫలానా బంకులో డీజిల్ కొట్టించాకే వెలిగితే ఇంధనంలో నీరు, మిల్లు ఆవరణలో గంటల తరబడి ఇంజిన్ ఆడించాక వెలిగితే ఈజీఆర్ వాల్వులో మసి ఉన్నాయేమోనని చూడాలి. కామన్ రైల్‌లో ఒత్తిడి తగ్గిందని కోడ్ వచ్చిన లారీకి నేరుగా పంపు విప్పే బదులు, డీజిల్ ఫిల్టర్, నీరు వేరుచేసే గిన్నె, ట్యాంకు నుంచి వచ్చే పైపులో గాలి చూసి, ఆ తరువాత ఇంజెక్టర్ల రిటర్న్ డీజిల్‌ను వేర్వేరు సీసాలలో పట్టి ఏది ఎక్కువ వదులుతోందో పోల్చాలి. ఆ వరుసలో వెళ్తే ఖర్చు చిన్నదాని నుంచి పెద్దదానికి పోతుంది.

డ్రైవరును ఈ సంభాషణలోంచి తప్పించడం మనం చేస్తున్న పెద్ద పొరపాటని నా అభిప్రాయం. బండితో పగలూ రాత్రీ ఉండేవాడు ఆయన, షెడ్డులో మాట్లాడేది మాత్రం ఓనరూ మెకానిక్కూ. లైటు వచ్చిందని చెబితే బండి సరిగా నడపలేదని మాట పడవలసి వస్తుందన్న భయంతో కొందరు చెప్పరు. ఆ భయాన్ని తీసేయవలసింది ఓనరే.

ఎరుపు లైటు విషయం వేరు. అది వెలిగినా, ఆయిల్ ప్రెషర్ లేదా నీళ్ల వేడి హెచ్చరిక వచ్చినా, ఎక్కడున్నా బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. పసుపు లైటుకు బండి సాధారణంగా గమ్యం చేరుతుంది, అయితే దాన్ని నెలల తరబడి అలాగే ఉంచితే రేపు వచ్చే రెండో లోపానికి వేరే లైటు ఉండదన్నది గుర్తుంచుకోవాలి. వెలిగి ఉన్న లైటు మళ్లీ వెలగలేదు కదా.

నాకు ఎదురయ్యే వాదన ఒకటుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఈజీఆర్‌కు రేకు బిగించి మూసేస్తే, యూరియా వ్యవస్థకు బదులు నకిలీ సంకేతం పంపే చిన్న పెట్టె తగిలిస్తే, లైటూ ఉండదు, యూరియా ఖర్చూ ఉండదు అంటారు. కిస్తీ తేదీ దగ్గర పడి, లారీ షెడ్డులో నిలబడి ఉన్నప్పుడు ఆ మాట ఎంత ఆకర్షణీయంగా వినిపిస్తుందో నాకు తెలుసు. అయినా నేను ఒప్పుకోను. మొదటి కారణం, ఆ వ్యవస్థలు ఆపేది నైట్రోజన్ ఆక్సైడ్లను, అవి ఊపిరితిత్తులకు హాని చేసేవి. హైవే పక్కన చిట్యాలలో, నకిరేకల్‌లో, కోదాడలో ఉండే పిల్లలు పీల్చేది మన సైలెన్సర్ వదిలిన గాలినే. రెండోది, కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇలా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు, కాలుష్య ప్రమాణాలు దాటిన బండి నడిపితే 190వ సెక్షన్ కింద పది వేల రూపాయల దాకా జరిమానా, జైలు, లైసెన్సు మీద వేటు ఉన్నాయి. నడిపిన డ్రైవరుకే కాదు, నడపనిచ్చిన ఓనరుకూ ఇవి వర్తిస్తాయి. మూడోది, ఆ నకిలీ పెట్టె కంప్యూటర్‌కు అంతా బాగుందని చెబుతూనే ఉంటుంది కాబట్టి ఆ వ్యవస్థలో రేపు నిజమైన లోపం వచ్చినా మనకు తెలిసే దారి ఉండదు.

పాత లారీలకు ఇవేవీ లేవు, అయినా లక్షల కిలోమీటర్లు నడిచాయి కదా అని కాక తరం వాళ్లు అంటారు. నిజమే. ఆ బండ్లను శబ్దంతో, పొగ రంగుతో, చేతికి తగిలే వణుకుతో చదివారు. ఆ చదువు వ్యర్థం కాలేదని మా ఇంటర్‌కూలర్ పైపే చూపించింది. దానికి ఇప్పుడు రెండు అంకెలు అదనంగా తోడయ్యాయి.

షెడ్డుకు వెళ్లినప్పుడు నేను అడిగేది ఇప్పుడు ఒకే క్రమంలో ఉంటుంది. ముందు కోడ్‌లన్నీ ఫ్రీజ్ ఫ్రేమ్‌తో సహా ఫొటో తీసి ఇవ్వాలి, ఎస్‌పీఎన్, ఎఫ్‌ఎంఐ రెండూ కనిపించాలి. ఏ భాగం మార్చాలన్నా అది చెడిందని ఏ పరీక్షతో తేల్చారో చెప్పాలి. తుడవడం రిపేరు తరువాతే. ఇలా అడిగితే విసుక్కునేవారు ఉన్నారు, ఆసక్తిగా కూర్చుని చూపించే కుర్రవాళ్లూ ఉన్నారు, మా లారీలు ఇప్పుడు వాళ్ల దగ్గరికే వెళ్తున్నాయి. కార్లకు వాడే చౌక బ్లూటూత్ పరికరాలు 24 వోల్టుల లారీలకు చాలావరకు పనికిరావు కాబట్టి, అసోసియేషన్‌లో నలుగురైదుగురు ఓనర్లు కలిసి భారీ వాహనాలకు పనికొచ్చే స్కానర్ ఒకటి కొనుక్కోవడం మంచి ఆలోచన.

పాత లారీ కొనబోయేవారికి కూడా ఈ లైటే మొదటి సాక్షి. బేరం మాట్లాడే ముందు, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి డాష్‌బోర్డు చూడండి. ఇంజిన్ లైటు ఒకసారి వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే ఎవరో దాన్ని తీసేశారో కప్పేశారో అనుకుని, స్కానర్ తగిలించనిదే బయానా ఇవ్వకండి.